పసరు తాగితే కామెర్లు పోయాయా, వాటంతటవే తగ్గాయా?

వానలు మొదలైతే చాలు, మా పర్లాకిమిడి వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజ్ తిరుగుతుంది: "పచ్చకామెర్లకు ఇంగ్లీషు వైద్యంలో మందే లేదు. మూడు రోజులు పరగడుపున నేల ఉసిరి పసరు తాగండి. ఆస్పత్రికి వెళ్తే లివర్ పాడవుతుంది." ఈసారి మా అత్తయ్యే పంపింది.

మందు లేదన్న మాట సగం నిజం. కొంప ముంచేది ఆ సగమే. కామెర్లు జబ్బు కాదు, లక్షణం. పాడునీళ్లతో వచ్చే హెపటైటిస్-ఏ, హెపటైటిస్-ఈ అనే లివర్ వాపు జబ్బులు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఆ పేరు పసరుకి పోతుంది. ఏమీ తాగకుండా తగ్గినవాడు మెసేజ్ పెట్టడు కదా! అయితే పిత్తనాళంలో రాయి అడ్డుపడినా కళ్లు పచ్చబడతాయి. దాన్ని ఏ ఆకూ కదిలించలేదు. హెపటైటిస్ సి అయితే మూడు నెలల మాత్రలతో దాదాపు అందరికీ నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద అవి ఉచితం కూడా.

నేల ఉసిరిని డాక్టర్లు పట్టించుకోలేదని కొందరంటారు. అదీ తప్పే. హెపటైటిస్ బి మీద అది పనిచేస్తోందని 1988లో మద్రాసు పరిశోధకులు లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. తర్వాత వేరేచోట్ల పరీక్షిస్తే ఆ ఫలితం నిలబడలేదు.

"సున్నపు నీళ్లలో కామెర్లు దిగడం కళ్లారా చూశాం" అని మెసేజ్ కింద కొందరు. నేనూ చూశాను. ముందు చేతులకు ఏదో రసం రాస్తారు, తర్వాత పళ్లెంలో సున్నపు తేటతో కడిగిస్తారు. ఇంటికొచ్చి మామిడి బెరడు నూరి, ఆ రసం పూసుకుని, సున్నపు తేటలో కడిగాను. నీళ్లు పచ్చబడ్డాయి. ఏ జబ్బూ లేని నా చేతుల నుంచి కూడా బోలెడు కామెర్లు దిగాయి! పళ్లెం పాడుచేశానని అమ్మ తిట్టింది.

ఆస్పత్రికి వెళ్తే లివర్ పాడవుతుందట. డోసు మించితే పారాసెటమాల్‌తో పాడవుతుంది, నిజమే. కొన్ని ఆకుమందులతోనూ పాడవుతుంది.

మెసేజ్‌లో అసలు లేనిది గర్భిణుల మాట. చివరి మూడు నెలల్లో హెపటైటిస్ ఈ సోకితే నూటికి 20 నుంచి 25 మంది దాకా చనిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఏటి అవతల పాతపట్నం వైపు పసరు పోసే ముసలాయనకి ఈ లెక్కలు తెలియవు. అయినా కడుపుతో ఉన్న మనిషి వస్తే గ్లాసు పక్కన పెట్టేస్తాడు. "ముందు బరంపురం పెద్దాసుపత్రికి తీసుకుపోండమ్మా" అంటాడు.

అత్తయ్యకు అదే రాసి పంపాను.