యాయో గారికి ఇసబ్‌గోల్

విశాఖ పోర్టులో ముప్ఫై రెండేళ్లు టాలీ క్లర్కుగా చేశాను. ఓడలోంచి ఎన్ని బస్తాలు దిగాయి, ఎన్ని చినిగాయి, ఎన్ని తడిశాయి అని నాలుగు నిలువు గీతలకి ఒక అడ్డగీత చొప్పున లెక్క రాయడం నా ఉద్యోగం. ముప్ఫై రెండేళ్లలో నా టాలీ షీటు తప్పని అన్నవాడు లేడు. అలాంటివాణ్ణి, రిటైరయ్యాక పరాయి దేశం వెళ్లి, ఒక్క మాట దగ్గర లెక్క తప్పి, ఏ పాపం ఎరగని ఒక పెద్దాయన్ని మూడు రోజులు ఇల్లు కదలనివ్వకుండా చేశాను.

మా అబ్బాయి ఉద్యోగం స్పెయిన్‌లో, వలెన్సియాలో. కిందటి చలికాలం నేనూ మా ఆవిడా వెళ్లాం. ఆ ఊరికి తూరియా అని ఒక నది ఉండేది. 1957లో అది ఊరిని ముంచేస్తే, వాళ్లు నదినే ఊరి బయటికి మళ్లించి, ఖాళీ అయిన నది గర్భంలో మైళ్ల పొడుగునా తోట వేసుకున్నారు. పాత వంతెనలు అలాగే ఉన్నాయి. వాటి కింద నీళ్లకి బదులు నాలాంటి ముసలివాళ్లు ప్రవహిస్తుంటారు.

అక్కడే ఒక బెంచీ మీద ఆయన పరిచయమయ్యాడు. మా అబ్బాయి వాళ్ల కింది అంతస్తే. పక్కన మనవడు బంతి ఆడుతూ "యాయో! యాయో!" అని పిలుస్తుంటే అదే ఆయన పేరనుకుని నేను మర్యాదగా "యాయో గారూ" అన్నాను. ఆయన చాలా సంతోషించాడు. యాయో అంటే అక్కడ తాతయ్య అని రెండు వారాల తర్వాత తెలిసింది. అప్పటికే అలవాటైపోయింది, ఆయనా మార్చుకోనివ్వలేదు.

నాకు స్పానిష్ రాదు. ఆయనది ఓడల దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషు, నాదీ దాదాపు అదే. ఏం పని చేసేవారు అంటే "ఎస్తిబదోర్" అన్నాడు. నాకు ఒళ్లు ఝల్లుమంది. "స్టీవ్‌డోర్!" అన్నాను. మా దగ్గర స్టీవ్‌డోర్ అంటే లైసెన్సున్న కంపెనీ, ఓడలోకి దిగి చెమటోడ్చేవాడు కళాసీ. అక్కడ ఎస్తిబదోర్ అంటే ఆ దిగేవాడే. అయితేనేం, ఓడలో సరుకు నింపే అర హ్యాచ్ అంటే తెలుసు, ఆ సరుకు ఎత్తే తాళ్ల పట్టీ స్లింగ్ అంటే తెలుసు, ఓడ ఆలస్యమైతే పడే డెమరేజి అంటే తెలుసు. ఇంతకంటే భాష ఎందుకు ఇద్దరు మనుషులకి! రోజూ పదకొండింటికి బెంచీ మీద కలుసుకునేవాళ్లం.

డిసెంబరులో ఒక రోజు ఆయన నీరసంగా వచ్చి కూలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అయామ్ వెరీ కాన్‌స్టిపేటెడ్, మై ఫ్రెండ్," అన్నాడు.

నేను అటూ ఇటూ చూశాను. ఇలాంటివి మనం సొంత డాక్టరుకి కూడా గొంతు తగ్గించి చెప్పుకుంటాం. ఈయన తోటంతా వినబడేలా చెబుతున్నాడు. సరే, ఎవరి దేశాచారం వారిది.

"ఎన్నాళ్లుగా?" అని మెల్లగా అడిగాను.

"మూడు రోజులు. రాత్రి నిద్ర లేదు. మా ఆవిడకీ ఇదే బాధ."

"ఆవిడకి కూడానా?"

"నా నుంచే అంటుకుంది. నాకు మనవడు అంటించాడు. వాడు బడి నుంచి తెచ్చాడు. వాడి క్లాసులో సగం మందికి ఇదే."

నేను వైద్యం చదువుకోలేదు. కానీ అరవై నాలుగేళ్ల అనుభవంలో ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకోవడం నేను వినలేదు. ఇంట్లో ఒకడికి అవ్వకపోతే రెండోవాడికి బాత్రూము ఖాళీ దొరుకుతుంది, అంతే కదా! మళ్లీ ఆలోచించాను. పొద్దున రొట్టె, మధ్యాహ్నం రొట్టె, రాత్రి రొట్టె మధ్యలో ఛీజు. ఊరంతా ఇదే తిండి అయినప్పుడు ఊరంతా ఇదే అవస్థ. దాన్నే పాపం అంటువ్యాధి అనుకుంటున్నారు.

ఆయన జేబురుమాలు తీసి ముక్కు చీదాడు. బాధకి కన్నీళ్లు వస్తున్నాయి కాబోలు అనుకున్నాను.

"నిన్నటి నుంచి ఛాతీలోకి కూడా వచ్చింది," అన్నాడు.

నాకు నిజంగా భయం వేసింది. అడుగు హ్యాచ్ నిండి పై హ్యాచ్ దాకా వచ్చిందంటే అది ఓడ ఒరిగే దశ. "కదలకండి, ఇక్కడే ఉండండి," అని ఇంటికి పరుగెత్తాను. మా ఆవిడ ఆవకాయ సీసాకీ కరివేపాకు పొడికీ మధ్య, మూడు నెలలకి సరిపడా, కడుపు సాఫీగా కదలడానికి నా కోసం సర్దిన ఇసబ్‌గోల్ డబ్బా తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఆయన మూత తీసి వాసన చూశాడు. తల మీద తువ్వాలు కప్పుకున్నట్టు సైగ చేసి, "ఆవిరి పట్టాలా?" అన్నాడు.

"ఛ ఛ, ఆవిరేమిటండీ! రెండు చెంచాలు గోరువెచ్చటి నీళ్లలో కలిపి వెంటనే తాగెయ్యాలి. ఊరుకుంటే గంజిలా గట్టిపడిపోతుంది. మీ ఆవిడకీ ఇవ్వండి."

మర్నాడు ఆయన తోటకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మందు పని చేస్తోందని తృప్తిగా నడిచి వచ్చాను.

దానధర్మాలకి ఫలితం వెంటనే కనబడుతుందంటారు. నాకు నాలుగో రోజుకల్లా కనబడింది. ఓడ బెర్తు మీదే ఉంది, డిశ్చార్జి మొదలవ్వలేదు, డెమరేజి పెరుగుతోంది. మా ఆవిణ్ణి డబ్బా అడగలేను. అడిగితే, అది ఎవరికిచ్చారు, ఎందుకిచ్చారు, ఆయనకేం రోగం అని దర్యాప్తు. అబ్బాయి ఆఫీసులో ఉన్నాడు. కోడలికి స్పానిష్ బాగా వచ్చు. కానీ మామగారు కోడలితో చెప్పుకునే సంగతా ఇది?

నేనే బయల్దేరాను. అక్కడ మందుల షాపుకి పచ్చ రంగు శిలువ బొమ్మ లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, దూరం నుంచే తెలుస్తుంది. లోపల పాతికేళ్ల అమ్మాయి. గుండె చిక్కబట్టుకున్నాను. నా స్పానిష్‌కి ఒక సూత్రం ఉంది: ఇంగ్లీషు మాట చివర 'ఓ' తగిలించడమే. మొమెంటో, డాక్యుమెంటో, పర్ఫెక్టో అన్నీ అలాగే గట్టెక్కాయి. "కాన్‌స్టిపాదో," అన్నాను, కళ్లు కిందికి దించుకుని.

ఆ పిల్లకి నవ్వు రాలేదు, సిగ్గు రాలేదు. జాలిగా తలాడించి, తన గొంతు పట్టుకుని దగ్గి చూపించి, ఉందా అన్నట్టు కనుబొమలు ఎగరేసింది. ముక్కితే దగ్గొస్తుందా అని అడుగుతోందనుకున్నాను. ఒక్కోసారి వస్తుంది, అబద్ధమెందుకు, ఊఁ అన్నాను. నీళ్లలో కలుపుకునే పొడి పొట్లాలు ఒక పెట్టె, పొడుగు మూతి ఉన్న చిన్న సీసా ఒకటీ ఇచ్చింది. పొడి పొట్లం అర్థమైంది. ఆ పొడుగు మూతి సీసా చూడగానే చిన్నప్పుడు విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో ఇచ్చిన ఎనీమా గుర్తొచ్చి వణుకు పుట్టింది. అది దాచేసి పొడి ఒక్కటే తాగాను.

మధ్యాహ్నం నాలుగున్నర దాకా ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. నిద్ర వచ్చింది. రావలసింది రాలేదు.

లేచేసరికి మా మనవరాలు బడి నుంచి వచ్చి, ఆ పెట్టె చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. తొమ్మిదేళ్లది. "తాతయ్యా, నీకు రొంప పట్టిందా?"

"లేదమ్మా."

"మరి ఇది రొంప మందు కదా! ఈ సీసా ముక్కులో కొట్టుకునేది. చూడు, బొమ్మ కూడా ఉంది."

నిజమే, ముక్కు బొమ్మ ఉంది. పక్కకి తిరిగి ఉండడం వల్ల, కళ్లజోడు లేకపోవడం వల్ల, నేను దాన్ని ఇంకోటి అనుకున్నాను. ఏం చెప్పి కొన్నావని మనవరాలు నిలదీస్తే చెప్పాను. అది పడీ పడీ నవ్వి, "కాన్‌స్తిపాదో అంటే రొంప పట్టినవాడు తాతయ్యా! మా బడిలో వలెన్సియా భాషలో కొన్‌స్తిపాత్ అన్నా రొంపే," అంది.

"మరి... అదవ్వకపోతే ఏమంటారు?"

"ఏదవ్వకపోతే?"

"అదే. పొద్దున్నే..."

"ఎస్త్రెన్యీదో!" అని అరిచి, "అమ్మా, తాతయ్యకి..." అంటూ వంటింట్లోకి పరుగు తీసింది. మూడు రోజులు కాపాడిన రహస్యం మూడు సెకన్లలో పోయింది.

కానీ నా మనసు అక్కడ లేదు. యాయో గారి జేబురుమాలు కళ్లముందు కదిలింది. ఎర్రబడ్డ కళ్లు, క్లాసులో సగం మంది, ఛాతీలోకి దిగడం, ఆవిరి పట్టాలా అని అడగడం... ఆయనకి వచ్చింది పడిశం. నేనిచ్చింది ఇసబ్‌గోల్.

ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్లో నిఘంటువులన్నీ తిరగేశాను. మూలం లాటిన్‌లో ఉంది, 'కొన్‌స్తిపారే': ఒక్కచోట చేర్చి కుక్కడం. ముక్కూ లేదు, కడుపూ లేదు. సీజర్ తన గాల్ యుద్ధాల కథలో ఈ మాట వాడాడు. క్రీ.పూ. 54లో రోమన్ల శిబిరం మీదికి వచ్చిన శత్రువులు గోడ కిందే కిక్కిరిసి ఇరుక్కుపోయారట, వెనకవాళ్లు ముందువాళ్లకి వెనక్కి జరగడానికి చోటివ్వలేదట. సంక్రాంతి ముందు రోజు మా వైజాగ్ కాంప్లెక్సులో శ్రీకాకుళం బస్సు దగ్గర చూడండి, అచ్చం అదే.

తర్వాత ఒక్కో దేశంవాడూ ఎక్కడ కుక్కుకుందో తన ఒంట్లో వెతుక్కున్నాడు. స్పెయిన్ వైద్యం చర్మం దగ్గర ఆగింది. చలికి చెమట రంధ్రాలు బిగిసి మూసుకుంటే రొంప పడుతుందని వాళ్ల నమ్మకం, ఆ అర్థం స్పానిష్ నిఘంటువులో ఇప్పటికీ ఉంది. పోర్చుగల్‌లోనూ ముక్కే. ఇంగ్లీషు, ఫ్రెంచి, రుమేనియన్ వాళ్లు కిందికి దిగారు. ఇటలీ నిఘంటువులో రెండూ ఉన్నాయి, రోగి మొహం చూసి తేల్చుకోవాలి. టాలీ షీటు తీసి గీతలు గీశాను: ముక్కు హ్యాచ్ రెండు, అడుగు హ్యాచ్ మూడు, రెండూ మూసుకున్న ఓడ ఒకటి. ఫ్రెంచివాళ్లు ఇంకో అడుగు వేసి, నవ్వని మనిషిని కూడా కాన్‌స్తిపే అంటారట. మనం ఆముదం తాగిన మొహం అంటాం. రోగం పేరు వాళ్లది, మందు పేరు మనది, మొహం మాత్రం ఒక్కటే.

మరి పోర్చుగల్‌వాడికి కడుపు బిగిస్తే ఏమంటాడు? 'ప్రిజావు ద్ వెంత్ర్' అంటాడు, ఉదరపు చెరసాల. అది చదివి లేచి కూర్చున్నాను. మలబద్ధకం అన్నది మాత్రం ఏమిటి? బద్ధం, అంటే కట్టి పడేసినదే కదా. సముద్రాల అవతలివాడూ మనమూ ఖైదు విషయంలో ఒకే మాట మీద ఉన్నాం. ఆ మాటకొస్తే మనం పొద్దస్తమానం అనే మోషన్ కూడా లాటిన్ నుంచి వచ్చిందే, కదలిక అని. పార్లమెంటులో మోషన్ వీగిపోయిందని రేడియోలో చెబితే, మా నాయనమ్మ "అయ్యో పాపం, అన్నం మీదికి పోతుందా?" అనేది.

అన్నిటికంటే అడుగున ఇంకొకటి దొరికింది. ఆ లాటిన్ కుక్కుడులోంచే స్పానిష్‌లో ఓడలోకి సరుకు సర్ది కుక్కేవాడికి ఎస్తిబదోర్ అని పేరొచ్చింది. అదే ఇంగ్లీషులోకి వెళ్లి స్టీవ్‌డోర్ అయింది. అంటే నాకూ యాయో గారికీ స్నేహం కలిపిన మాటా, ఆయన కడుపు పాడుచేసిన మాటా ఒకే తల్లి పిల్లలు!

మర్నాడు పదకొండింటికి తోటకి వెళితే ఆయన బెంచీ మీద ఉన్నాడు. కాస్త చిక్కాడు. నా డబ్బా పక్కనే పెట్టుకున్నాడు, ఖాళీ. మూడు నెలల సరుకు. రొంప తగ్గకపోయేసరికి మోతాదు చాల్లేదనుకుని, ఆలుమగలిద్దరూ రోజుకి మూడు పూటలా పట్టించారట.

"మై ఫ్రెండ్," అన్నాడు, "ముక్కు అలాగే ఉంది. కానీ తుమ్మాలంటే భయం వేసింది."

నేను జరిగినదంతా చెప్పాను, అవసరమైన చోట సైగలతో. ఆయనకి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక ఆ తోటలో పావురాలు లేచిపోయేలా నవ్వాడు. ఆ నవ్వుతోనే తుమ్ము వచ్చింది. వెంటనే గంభీరంగా అయిపోయి, ఒక్క క్షణం కదలకుండా కూర్చుని, ఏమీ కాలేదని నిర్ధారించుకుని మళ్లీ నవ్వాడు.

నా అవస్థ విని ఆయనే చెయ్యి పట్టుకుని మందుల షాపుకి తీసుకెళ్లాడు. అదే పిల్ల. ఈయన కౌంటరు మీద వాలి, వెనక వరసలో ఉన్న ఐదుగురికీ వినబడేలా, ఎస్త్రెన్యీదో అంటూ నన్ను చూపించి, పిడికిలి బిగించి, ఓడ, క్రేను, సరుకు అన్నీ చేత్తో అభినయించి చెప్పాడు. ఆ పిల్ల ఈసారి నవ్వింది. లోపలికి వెళ్లి ఒక పెట్టె తెచ్చింది. మీద లాటిన్‌లో 'ప్లాంటాగో ఒవాటా' అని ఉంది. నారింజ రుచి అట. నేను ఇక ఏ లాటిన్ మాటనీ నమ్మదలుచుకోలేదు. పైకం ఇచ్చి, అక్కడే ఒక పొట్లం చింపి అరచేతిలో పోసుకుని చూశాను.

రంగు పూసినా, వాసన కొట్టినా, ముప్ఫై ఏళ్లుగా రోజూ చూస్తున్న మొహాన్ని ఎవడైనా గుర్తుపడతాడు. గుజరాత్ పొలాల్లో పండే మన ఇసబ్‌గోలే.

నా భుజం మీంచి యాయో గారు కూడా తొంగి చూశాడు. చూసి, ఏమీ అనకుండా, రెండడుగులు వెనక్కి వేశాడు.