ఊ కొట్టడం, లైక్ కొట్టడం

ఆరు నెలల కిందట ఓ పాత స్నేహితుడు కొత్త ఇంటి ఫొటోలు పెట్టాడు. అందరితో పాటు నేనూ ఓ లైక్ కొట్టి ముందుకు జరిపేశాను. మొన్న వేరే పని మీద ఫోన్ చేసినప్పుడు మాటవరసకు అడిగాను, కొత్త ఇల్లెలా ఉందిరా అని. రెండు క్షణాలు పలకలేదు. "బాగుంది. అమ్మే చూడకుండా పోయింది" అన్నాడు. ఇల్లు పూర్తవడానికి నెల ముందు ఆమె చనిపోయారట. ఆ సంగతి వాడు ఎక్కడా పెట్టలేదు, నేను అడగనూ లేదు. తర్వాత ఆ ఫొటోల కిందికి వెళ్లి చూశాను. బోలెడన్ని అభినందనలు. అన్నీ మనసారా పెట్టినవే అయ్యుంటాయి. ప్రశ్న మాత్రం ఒక్కటీ లేదు.

వినడానికి మన భాషలో చక్కటి మాట ఉంది, ఊ కొట్టడం. కథ చెప్పేవాళ్లకు ఎదుటి నుంచి ఊ వినబడుతుంటేనే కథ కదులుతుంది. అది ఆగితే "వింటున్నావా?" అని అడుగుతారు. ఆ ఊలో ‘తర్వాతేమైంది?’ అన్న తహతహ ఉంటుంది. లైక్ కూడా కొట్టేదే. కానీ అది ‘చూశాను’ అని చెప్పి తప్పుకుంటుంది. 2009లో ఫేస్‌బుక్ ఆ బటన్ తెచ్చాక, ఒక్క ముక్కయినా రాయాల్సిన చోట వేలు తాకిస్తే సరిపోతోంది.

అదే ఏడాది పది భాషల సంభాషణలను పోల్చిన ఓ పరిశోధన వెలువడింది. ప్రశ్నకు జవాబు రావడానికి సగటున సెకనులో ఐదో వంతు సమయమే పడుతోందని తేలింది. అంటే ఎదుటివాళ్లు ఇంకా మాట్లాడుతుండగానే మనం జవాబు కూర్చుకుంటున్నాం. అంత దగ్గరగా వింటాం కాబట్టే, నా స్నేహితుడు పలకని ఆ రెండు క్షణాలు నాకు బరువుగా తగిలాయి. చాట్‌లో అయితే పని మీద ఉన్నాడేమో అనుకునేవాణ్ని.

ఫోన్ చేస్తే ఇబ్బందిగా ఉంటుందేమోనన్న జంకు చాలామందిలో ఉంది. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు 2021లో ప్రచురించిన అధ్యయనంలో కొందరిని పాత స్నేహితులతో ఫోన్‌లోనో మెయిల్‌లోనో మళ్లీ మాట కలపమన్నారు. ఫోన్ ఎబ్బెట్టుగా ఉంటుందని ముందు అనుకున్నారు. తీరా మాట్లాడాక అలాంటిదేమీ లేదు, పైగా గొంతు విన్నవాళ్లకే దగ్గరితనం ఎక్కువ అనిపించింది.

ఈ రోజుల్లో ఆసక్తిగా మాట్లాడేవాళ్లే దొరకడం లేదన్న ఫిర్యాదు తరచూ వింటున్నాం. నేను దాన్ని ఒప్పుకోను. మొదటి ప్రశ్నకు ఎవరైనా అరిగిపోయిన జవాబే చెబుతారు, అసలు మనిషి రెండో ప్రశ్నకు బయటికొస్తాడు. ఏం చేస్తుంటారని అడిగితే ఆడిటర్‌నంటారు. అక్కడితో సరి. "లెక్కల్లో ఏది చూడగానే మీకు అనుమానం వస్తుంది?" అని అడిగి చూడండి, కుర్చీ ముందుకు జరుపుకుంటారు. హార్వర్డ్ పరిశోధకులు 2017లో చెప్పిందీ ఇదే. ఎదుటివాళ్ల మాటను అందుకుని దాని మీదే మళ్లీ ప్రశ్న వేసేవాళ్లు ఎక్కువగా నచ్చుతారు.

సోషల్ మీడియాను తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. అరుదైన జబ్బుతో ఒంటరిగా పోరాడుతున్నవాళ్లకు అలాంటి మరొకరిని చూపించింది అదే. మనుషుల్ని వెతికిపెట్టడంలో దానికి సాటి లేదు. చిక్కల్లా, వెతికిపెట్టాక కూడా మనం అక్కడే నిలబడిపోవడం. దగ్గరి స్నేహం కుదరడానికి ఇద్దరూ కలిసి 200 గంటలకు పైగానే గడపాల్సి ఉంటుందని జెఫ్రీ హాల్ అనే పరిశోధకుడు లెక్కగట్టాడు. ఒకరి ఫొటోలు ఒకరు చూసుకున్న సమయాన్ని అందులో ఎలా కలుపుతాం?

ఆ రోజు మేం గంటకు పైగా మాట్లాడుకున్నాం, ఎక్కువగా వాళ్లమ్మ గురించే. పెట్టేసేముందు వాడడిగాడు, "నీ భుజం నొప్పి తగ్గిందా?" అని. ఆ నొప్పి సంగతి మూడేళ్ల కిందట, ఒకే ఒక్కసారి, ఫోన్‌లోనే చెప్పాను.