చెట్ల పాదులు తెరవాలి

రోహిణి కార్తె ఎండల్లో బెజవాడ వీధుల్లో నడిచేవారికి ఆసరాగా నిలిచే వేప, గానుగ చెట్ల మొదళ్లను ఒకసారి పరిశీలిస్తే, చాలాచోట్ల బెరడును ఆనుకునే సిమెంటు కనిపిస్తుంది. పాదు ఉండదు. పోసిన బిందెడు నీళ్లు పేవర్ టైల్స్ మీదుగా జారి మురుగు కాలువలో కలుస్తాయి. కృష్ణ ఒడ్డున ఉన్న నగరంలో చెట్లు దప్పికతో మాడిపోవడం మనం చేజేతులా తెచ్చిపెట్టినదే.

చెట్టులో నీటిని పైకి తోసే పంపు ఏదీ లేదు. పత్రరంధ్రాల నుంచి తేమ ఆవిరవుతుంటే, ఆ లాగుడుకు దారువులోని సన్నని గొట్టాల వెంట నీరు, చేదతాడు లాగినట్లుగా, వేళ్ల నుంచి తెగని ధారగా పైకి సాగుతుంది. ఈ సంగతిని డిక్సన్, జోలీ అనే ఐర్లండ్ శాస్త్రవేత్తలు 1894లోనే వివరించారు. వేళ్లు పీల్చిన నీటిలో నూటికి 90 పాళ్లకు పైగా ఇలా గాలిలో కలిసేదే. చెట్టు కింద మనం అనుభవించే చల్లదనంలో దాని పాలు ఎంతో ఉంది.

మట్టిలో తడి ఆరేకొద్దీ ఈ లాగుడు బిగుసుకుంటుంది. చెట్టు ముందుగా పత్రరంధ్రాలను మూసుకుంటుంది. అయితే బొగ్గుపులుసు వాయువు లోనికి రావలసిందీ ఆ దారినే కనుక ఆహారం తయారీ కుంటుపడుతుంది. కొండపల్లి బొమ్మలకు కలపనిచ్చే తెల్లపొణికి వంటివి ఆకులు రాల్చి వేసవిని గట్టెక్కుతాయి. ఏ ఉపాయమూ చాలనప్పుడు గొట్టాల్లోకి గాలి బుడగలు చొరబడి ధార తెగుతుంది. అలా తెగిన గొట్టాలు చాలావరకు మళ్లీ పనికిరావు, కొత్త కలప పెరగవలసిందే. 2012లో నేచర్ పత్రికలో వెలువడిన అధ్యయనం 226 జాతుల అడవి చెట్లను పరిశీలించి, వాటిలో 70 శాతం ఈ ప్రమాదానికి చేరువలోనే బతుకుతున్నాయనీ, వానలు దండిగా పడే ప్రాంతాల చెట్లు సైతం ఇందుకు మినహాయింపు కావనీ తేల్చింది.

కొమ్మల కొనలు ఎండాక ట్యాంకర్లు పంపితే ఒరిగేది స్వల్పం. చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లోనే ఢిల్లీలో ఆదేశించింది. ఆ పాటి జాగా మన చెట్లకూ దక్కాలి. నీటిని పీల్చే సన్నని వేళ్లు కొమ్మల అంచుల దాకా, ఆపైనా పైమట్టిలోనే విస్తరించి ఉంటాయి, వాటికి గాలి కూడా కావాలి. కాబట్టి పాదును వీలైనంత వెడల్పుగా తవ్వి, ఎండుటాకులు కప్పి, రోజూ చెంబెడు చిలకరించే బదులు వారానికోసారి లోతుగా ఇంకేలా నీరు పెట్టడం మేలు. కొత్తగా వేసే ప్రతి సీసీ రోడ్డు అంచనాల్లోనే పాదుల ఖర్చును చేర్చాలి. పాత రోడ్ల మీద ఈ పని మాఘ, ఫాల్గుణాల్లోనే, ఎండలు ముదరకముందే ముగియాలి.