కమిట్ల చిట్టా చేంజ్‌లాగ్ కాదు

కోడ్‌లో చేసే ఒక్కో మార్పునూ చిన్న వివరణతో నమోదు చేయడాన్ని కమిట్ అంటారు. కొత్త వెర్షన్‌లో ఏమి మారిందో వాడేవారికి చెప్పే పత్రం చేంజ్‌లాగ్. కమిట్ చరిత్ర నుంచి చేంజ్‌లాగ్ దానంతట అదే తయారైపోవాలన్న కోరిక ఇప్పుడు చాలా సాఫ్ట్‌వేర్ బృందాల్లో బలంగా ఉంది. సెమాంటిక్ రిలీజ్, గిట్ క్లిఫ్ లాంటి పనిముట్లు చేతికి అందుబాటులో ఉన్నాయి. విలీనమైన పుల్ రిక్వెస్టుల (కోడ్‌లో కలపమని డెవలపర్లు పంపే మార్పుల) పేర్లన్నీ పేర్చి రిలీజ్ నోట్స్ తయారుచేసే సదుపాయాన్ని, కోడ్ దాచుకునే వేదిక గిట్‌హబ్ 2021లోనే తెచ్చింది. కమిట్ మెసేజ్ ముందు ‘ఫీట్’ (కొత్త సౌకర్యం) అనో ‘ఫిక్స్’ (దోష సవరణ) అనో గుర్తు పెడితే చాలు, మిగతాది యంత్రం చూసుకుంటుంది. సౌకర్యమే, కాదనను. కానీ అలా వచ్చిన జాబితాకు చేంజ్‌లాగ్ అని పేరు పెట్టి వినియోగదారు చేతిలో పెట్టడం బాధ్యత నుంచి తప్పుకోవడమే.

పాత కొట్టు లెక్కల్లో చిట్టా వేరు, ఆవర్జా వేరు. జరిగింది జరిగినట్టు రోజువారీ వరుసలో రాసుకునేది చిట్టా. ఎవరి ఖాతాలో ఎంత ఉందో తేల్చి రాసేది ఆవర్జా. బాకీ ఎంతని అడిగిన మనిషి ముందు చిట్టా పడేసి వెతుక్కోమనే గుమాస్తాను ఎవరూ పనిలో పెట్టుకోరు. కమిట్ చరిత్ర చిట్టా. కోడ్‌లో ఫలానా వరుస ఎందుకు మార్చారని ఆరు నెలల తర్వాత అడిగే తోటి డెవలపర్ కోసం అది ఉంటుంది. రేపటి నుంచి నా పనిలో ఏమి మారుతుందని అడిగేవారి కోసం ఉండేది చేంజ్‌లాగ్. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తయారుచేసే గ్నూ ప్రాజెక్టు ఈ తేడాను, కమిట్లను భద్రపరిచే పనిముట్టు గిట్ పుట్టిన 2005 కంటే చాలా ముందే గుర్తించింది. కోడ్‌లోని ప్రతి మార్పుకూ ‘చేంజ్‌లాగ్’ అనే ఫైలు, వినియోగదారుకు కనిపించే మార్పులకు ‘న్యూస్’ అనే వేరే ఫైలు ఉండాలని నియమం పెట్టుకుంది. పేర్లు వేరైనా, నేను ఇక్కడ చేంజ్‌లాగ్ అంటున్నది వాళ్ల ‘న్యూస్’నే. అక్కడ మొదటి ఫైలును ఇప్పుడు కమిట్ల నుంచి యంత్రంతోనే తీస్తున్న ప్రాజెక్టులున్నాయి. ‘న్యూస్’ను మాత్రం మనుషులే రాస్తున్నారు.

నేను ఇంత గట్టిగా మాట్లాడటానికి కారణం ఉంది. మందుల దుకాణాల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మీద కొంతకాలం పనిచేశాను. బిల్లు మొత్తం మీద ఒకేసారి చేసే పైసల సవరణను (రౌండాఫ్‌ను), ఒక వెర్షన్‌లో ఒక్కో మందుకూ విడివిడిగా చేసేలా మార్చారు. రాసినవారి దృష్టిలో అది కోడ్ శుభ్రం చేయడమే. కమిట్ మెసేజ్ ‘రిఫాక్టర్: మొత్తం లెక్కించే ఫంక్షన్ సరళీకరణ’. ‘రిఫాక్టర్’ అనే ఆ గుర్తున్న కమిట్లను మా పనిముట్టు చేంజ్‌లాగ్‌లోకి తీసుకోదు. కొత్త సౌకర్యాలు, దోషాల సవరణలు, వేగం పెంచే మార్పులు లాంటివే తీసుకుంటుంది. చాలా పనిముట్లు మొదటి నుంచీ అమర్చి ఉండే పద్ధతి ఇదే. ఐకాన్ రంగు మారిన సంగతి జాబితాకెక్కింది, డబ్బు లెక్క మారిన సంగతి ఎక్కలేదు.

నెల తిరగకుండానే ఒక దుకాణదారు ఫోన్ చేశారు. ప్రతి నెలా అవే బీపీ, షుగర్ మాత్రలు కొనే ఒక పెద్దాయన రెండు బిల్లులు తెచ్చి బల్ల మీద పక్కపక్కన పెట్టారట. మందులు అవే, ధరలు అవే. ఒక బిల్లు 612 రూపాయలు, ఇంకొకటి 614. “ఏమి మార్చారో ఒక్క ముక్క ముందుగా చెప్పి ఉంటే ఆయన ముందు దొంగలా నిలబడేవాణ్ని కాదు కదండీ” అన్నారు. ఆ రెండు రూపాయలను మర్చిపోగలను గానీ ఆ మాటను మర్చిపోలేను.

చేత్తో రాస్తే మనుషులు మర్చిపోతారని, ఒకే ఫైలులో అందరూ రాస్తే విలీనం చేసేటప్పుడు గొడవలొస్తాయని అంటారు. రెండూ నిజాలే. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష బృందం దీనికి దారి చూపింది. మార్పు చేసినవారే, ఆ మార్పుతోపాటే, దాని గురించి ఒక చిన్న ఫైలు విడిగా రాసి పెడతారు. విడుదల సమయంలో యంత్రం వాటిని కలుపుతుంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ ప్రాజెక్టులో కమిట్ల జాబితా తీసేది స్క్రిప్టే. కానీ దాన్ని చదివి, వడపోసి, ప్రధాన వెర్షన్ల నోట్స్‌గా కూర్చే పని ఆ ప్రాజెక్టు డెవలపర్ బ్రూస్ మోమ్జియన్ ఏళ్ల తరబడి చేస్తూ వచ్చారు. పాత వెర్షన్‌తో పొసగని మార్పులు వాటిలో ప్రత్యేకంగా ఒకచోట కనిపిస్తాయి.

కమిట్లన్నీ ఏఐకి ఇస్తే చక్కటి వాక్యాల్లో సారాంశం రాస్తుందన్నది ఇప్పటి మాట. రాస్తుంది. మా కమిట్ ఇచ్చినా ‘లెక్కింపు కోడ్ సరళమైంది’ అని ముచ్చటగా రాసి ఉండేదేమో. కోడ్‌లో తేడా పట్టుకున్నా, దుకాణంలో బల్ల ముందు నిలబడే పెద్దాయన గురించి దానికి ఎవరు చెప్పాలి?

ఈ జబ్బు సాఫ్ట్‌వేర్‌కే పరిమితమని నేను అనుకోవడం లేదు. ఏదైనా సవరణ చట్టం తెరిచి చూడండి. ఫలానా సెక్షన్‌లో ఫలానా పదాలకు బదులుగా ఫలానా పదాలు ఉంచాలి అనే ఉంటుంది. అదీ ఒక కమిటే. పాత చట్టం పక్కన పెట్టుకుని చదవనిదే ఒక్క ముక్క అర్థం కాదు. అందుకే బిల్లుతోపాటు ఉద్దేశాలు, కారణాల వివరణ జతచేసే సంప్రదాయం చట్టసభల్లో ఉంది. శాసనకర్తలకు దక్కే ఆ పాటి వివరణ కూడా ప్రభుత్వ సేవల పోర్టళ్లు వాడే రైతుకూ, పింఛనుదారుకూ దక్కడం లేదు. దరఖాస్తులో కొత్త గడి వస్తుంది, పాతది మాయమవుతుంది. దరఖాస్తు తిరిగొచ్చాకే సంగతి తెలుస్తుంది. నేను వాడే పోర్టళ్లలో ఒక్కదానికైనా ‘ఈ నెల ఇవి మారాయి’ అని తెలుగులో చెప్పే పేజీ కనిపించలేదు. ప్రజల డబ్బుతో నడిచే ప్రతి పోర్టల్‌కూ అలాంటి పేజీ తప్పనిసరి చేయాలి. దాన్ని రాసే మనిషి ఉద్యోగాన్ని టెండర్ పత్రంలోనే చేర్చాలి.

ఆ ఫోన్ తర్వాత మేము విడుదల చేసిన వెర్షన్‌లో మొదటి అంశాన్ని నేనే కూర్చుని రాశాను: “పైసల సవరణ మళ్లీ బిల్లు మొత్తం మీదే జరుగుతుంది. గత వెర్షన్‌లో ఒక్కో మందుకూ విడిగా జరిగింది. అందువల్ల ఆ నెల బిల్లుల్లో రూపాయి, రెండు రూపాయలు తేడా వచ్చి ఉండవచ్చు. తప్పు మాది, మీ దుకాణానిది కాదు.” దాన్ని ముద్రించి కౌంటర్ దగ్గర అంటించుకున్నానని ఆ దుకాణదారు చెప్పారు.