యజమాని చేతిలో వీసా ఉంటే కూలి పెరగదు

బయటివాళ్లు వస్తే స్థానికుల జీతాలు పడిపోతాయి, తలుపులు మూస్తే పెరుగుతాయి. వలసల మీద చర్చ ఎక్కడ జరిగినా ముందు వినిపించే మాట ఇదే. సరుకు ఎక్కువైతే ధర తగ్గుతుంది కాబట్టి లెక్క సరిగ్గానే ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ వచ్చిన మనిషి పని మాత్రమే చేయడు. అద్దె కడతాడు, తింటాడు, బట్టలు కొంటాడు. ఆ ఖర్చు ఇంకొకరికి పని అవుతుంది.

1980లో కొన్ని నెలల్లోనే సుమారు 1,25,000 మంది క్యూబన్లు పడవల్లో అమెరికా చేరారు. అక్కడి మయామీ నగరంలో కార్మికుల సంఖ్య ఒక్కసారిగా 7 శాతం దాకా పెరిగింది. ఆర్థికవేత్త డేవిడ్ కార్డ్ 1990లో లెక్కలు తీస్తే, పెద్దగా నైపుణ్యం లేని స్థానికుల జీతాలకు కూడా చెప్పుకోదగ్గ దెబ్బ తగల్లేదని తేలింది. హైస్కూలు చదువు పూర్తిచేయనివాళ్లు బాగా నష్టపోయారని మరో ఆర్థికవేత్త జార్జ్ బోర్హాస్ తర్వాత వాదించారు. ఆ వాదన ఇంకా తెగలేదు.

తలుపు మూసిన అనుభవం మాత్రం స్పష్టంగానే ఉంది. మెక్సికో నుంచి వ్యవసాయ కూలీలను తెచ్చుకునే బ్రసేరో పథకాన్ని అమెరికా 1964 చివర్లో ఆపేసింది. స్థానిక కూలీల రేట్లు పెరగాలన్నది ఉద్దేశం. పెరగలేదు. బ్రసేరోలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లోనూ, అసలు లేని రాష్ట్రాల్లోనూ కూలి ఒకేలా కదిలింది. కూలి పెంచే బదులు రైతులు యంత్రాలు తెచ్చుకున్నారు. కాలిఫోర్నియాలో టమాటా కోత కొద్ది ఏళ్లలోనే యంత్రాల చేతికి పోయింది. యంత్రం దొరకని కొన్ని పంటల సాగు తగ్గింది.

మరి కూలిని నిజంగా తొక్కిపెట్టేది ఏమిటి? నా దృష్టిలో, ఒకే యజమానికి ముడిపెట్టిన వీసా. ఓవర్‌టైమ్ డబ్బు ఇవ్వకపోయినా, పాస్‌పోర్టు లాక్కున్నా ఆ కార్మికుడు నోరు మెదపలేడు. ఉద్యోగం పోతే దేశంలో ఉండే హక్కూ పోతుంది. అలా భయపడే మనిషి పక్కనే ఉంటే, స్థానిక కార్మికుడు మాత్రం జీతం పెంచమని ఏ ధైర్యంతో అడుగుతాడు? ఇద్దరినీ దెబ్బతీసేది ఆ ఒక్క షరతే. అయినా చర్చంతా ఎంతమందిని రానివ్వాలన్న అంకె చుట్టూనే తిరుగుతుంది. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

యూఏఈ 2011లో ఈ ముడిని కొంత సడలించింది. కాంట్రాక్టు ముగిస్తే పాత యజమాని అనుమతి లేకుండానే వేరేచోట చేరవచ్చంది. ఆ అవకాశం వచ్చినవాళ్ల సంపాదన 10 శాతానికి పైగా పెరిగింది. అందరూ కంపెనీలు మారిపోలేదు కూడా. పోగలరన్న భయానికే యజమానులు జీతం పెంచారు, ఎక్కువమంది ఉన్నచోటే ఉండిపోయారు.

అదే సమయంలో కంపెనీలు విదేశాల నుంచి కొత్తవాళ్లను తెచ్చుకోవడం తగ్గించాయి, అలా వచ్చినవాళ్లకు తక్కువ జీతం ఇచ్చాయి. ఈ నష్టాన్ని దాచకూడదు. కొత్తగా వచ్చినవాడికి కాంట్రాక్టు పూర్తయ్యేదాకా ఆ స్వేచ్ఛ లేదు మరి. ఏజెంటుకు కట్టడానికి చేసిన అప్పు మెడ మీద ఉండేది సరిగ్గా ఆ రోజుల్లోనే. మారే హక్కు ఇవ్వాల్సింది అప్పుడు, విమానం దిగిన మొదటి నెల నుంచి.