మా నాయనమ్మ మీద టెక్సాస్‌లో అరెస్టు రికార్డు ఉందట

మా నాయనమ్మ తన ఆయుష్షులో చేసిన అతి పెద్ద ప్రయాణం తిరుపతి, అదీ ఒక్కసారే, గుండు చేయించుకుని లడ్లు పట్టుకుని వచ్చేసింది. ఆవిడ పోయి ఇరవయ్యేళ్లు దాటింది. అలాంటావిడ మీద టెక్సాస్ రాష్ట్రం కాలిన్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లాలాంటిది) "అరెస్టు రికార్డులు ఉండి ఉండొచ్చు" అని మొన్నొక అర్ధరాత్రి ఒక వెబ్‌సైట్ నాకు చెప్పింది. ఊరికే చెప్పలేదు, ఎర్ర అక్షరాల్లో, పక్కన సంకెళ్ల బొమ్మ వేసి మరీ చెప్పింది. వివరాలు కావాలంటే ఒక్క డాలరట.

డాలస్ చుట్టుపక్కల ఉండేవాళ్లకి ఈ వెబ్‌సైట్ల సంగతి నేను చెప్పక్కర్లేదు, ఏదో ఒక రాత్రి మీరూ బలయ్యే ఉంటారు. నా రాత్రి రెండింటికి ఫోనుతో మొదలైంది. మా అపార్ట్‌మెంట్లో కింద ఉండే కుర్రాళ్లలో ఒకడు, "అన్నా, మావోడు రూముకి రాలేదన్నా, పోలీసులు ఆపారని మెసేజ్ పెట్టాడు, తర్వాత ఫోన్ స్విచాఫ్" అని ఏడుపు గొంతుతో. సరే, ఇదేమన్నా మన ఊరా, స్టేషన్ ఎదురుగా టీకొట్టు దగ్గర నిలబడి కానిస్టేబుల్‌ని కదిపి తెలుసుకోడానికి, ఇక్కడ అంతా ఆన్‌లైన్, జైల్లో ఎవరున్నారో షెరిఫ్ ఆఫీసువాళ్లే, అంటే కౌంటీ పోలీసులే, వెబ్‌సైట్లో పెడతారు, రెండు నిమిషాల పని అన్నాను. పెద్దమనిషి తరహాలో అన్నాను.

అసలు ముందు ఏ కౌంటీయో తేలాలి కదా. టెక్సాస్‌లో కౌంటీలు 254, దేని షెరిఫ్ దానికి, దేని వెబ్‌సైట్ దానికి. ఫ్రిస్కో ఊరేమో కొంత కాలిన్‌లో, కొంత డెంటన్‌లో. రోడ్డుకి ఈ పక్క ఆపితే మెకిన్నీలో ఉన్న కాలిన్ జైలు, ఆ పక్క ఆపితే డెంటన్ జైలు. డాలస్ అయితే అయిదు కౌంటీల్లోకి కాళ్లు చాపుకుని పడుకుంది. పోనీ పట్టుకోగానే లిస్టులో పేరొస్తుందా అంటే రాదు, ముందు సిటీవాళ్లు తమ దగ్గర ఉంచుకుని తర్వాత కౌంటీ జైలుకి పంపొచ్చు, అక్కడ వేలిముద్రలు, ఫోటో, జేబులో ఉన్నవి లెక్క రాసుకోడం, అదంతా అయితేనే బుకింగ్ అయినట్టు. బెయిల్ ఎంతో తెలియాలంటే మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి, దానికి చట్టం ఇచ్చిన గడువు 48 గంటలు.

ఇక పేరు. ఇది మన జాతికి ప్రత్యేకంగా రాసిపెట్టిన శిక్ష. మావోడి పాస్‌పోర్టులో ఇంటిపేరు, తండ్రిపేరు, సొంతపేరు అన్నీ ఒకే గడిలో కుక్కారు, రెండో గడి ఖాళీ. అలా ఉంటే వీసా మీద మొదటి పేరు ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది, అంటే మొదటి పేరు తెలియదు అని. కన్నవాళ్లు పంతులుగారిని పిలిచి బియ్యంలో రాసి పెట్టిన పేరు అమెరికా ప్రభుత్వానికి తెలియదు. ఇప్పుడు జైలు వెబ్‌సైట్లో వీణ్ణి ఎలా వెతకాలి? లాస్ట్ నేమ్ గడిలో ఇంటిపేరు కొట్టా, రాలేదు. సొంతపేరు కొట్టా, రాలేదు. లక్ష్మిలో ఎక్స్ పెట్టి ఒకసారి, కేఎస్‌హెచ్ పెట్టి ఒకసారి. ఎఫ్ఎన్‌యూ అని కొడితే ఇద్దరొచ్చారు, ఇద్దరూ వేరే ఎవరో పాపం.

అప్పుడు చేశానండీ ఆ తప్పు. గూగుల్లో కౌంటీ పేరు కొట్టి, తాజా అరెస్టులు అని కొట్టాను. షెరిఫ్ గారి అసలు పేజీ ఎక్కడో కింద పడి ఉంది, పైనంతా అచ్చం సర్కారీ ఆఫీసులా నక్షత్రం, గద్ద బొమ్మ వేసుకున్న దుకాణాలు. ఒకటి నొక్కాను. పేరు అడిగింది, ఇచ్చాను. గీత ఒకటి ఆకుపచ్చగా పాకడం మొదలైంది. "కౌంటీ జైలు రికార్డులు తెరుస్తున్నాం... 12 శాతం." "కోర్టు పత్రాలు పరిశీలిస్తున్నాం... 31." ఏ గుమాస్తా పరిశీలిస్తున్నాడయ్యా అర్ధరాత్రి రెండున్నరకి? "దయచేసి పేజీ మూయకండి." మూయలేదు. కుర్రాళ్లు ముగ్గురూ నా వెనక నిలబడి ఊపిరి బిగబట్టి చూస్తున్నారు, క్రికెట్‌లో ఆఖరి ఓవర్ చూస్తున్నట్టు. 74 దగ్గర గీత ఆగింది. "మీరు చూడబోయేది మిమ్మల్ని కలవరపెట్టొచ్చు. సిద్ధమేనా?" సిద్ధమే అని నొక్కాం. "ఫోటోలు ఉండొచ్చు. సిద్ధమేనా?" సిద్ధమే. "ఈ సమాచారం గుట్టుగా ఉంచుతానని మాటివ్వండి." ఇచ్చాం, ముగ్గురు సాక్షుల సమక్షంలో. నూరు శాతం. అప్పుడు కార్డు నంబరు అడిగింది.

అప్పటికి నాకు అనుమానం వచ్చి, వెనక్కొచ్చి మా నాయనమ్మ పేరు కొట్టాను. అదే గీత, అదే 12, అదే 31. "కలవరపెట్టొచ్చు. సిద్ధమేనా?" ఆవిడ విషయంలో నిజానికి సిద్ధంగా లేను. నూరు శాతం అయ్యాక, రికార్డులు ఉండి ఉండొచ్చు, పాత చిరునామాలు మూడు, బంధువులు ఉండొచ్చు. బంధువులంటే నేనేగా. పౌరుషం వచ్చి డాలర్ కట్టేశా. ఏదో ఊళ్లో ఎవరిదో ఫోన్ నంబరు చూపించింది, అంతే. డాలరు ట్రయల్ అట, తర్వాత నెలకి ముప్పై.

చివరికి మావోడు ఎలా దొరికాడంటారా? షెరిఫ్ ఆఫీసు ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చేస్తే ఒకావిడ ఎత్తి, పుట్టినతేదీ అడిగి, అర నిమిషంలో చెప్పింది. పేర్లు తిరగేసి రాసుకున్నారు. నేరం ఏమిటయ్యా అంటే, ఎప్పుడో పడిన స్పీడింగ్ టికెట్‌కి కోర్టు తేదీ మర్చిపోయాడు, వారంట్ పడింది. మహా అయితే 500 డాలర్ల జుల్మానా కేసు. మర్నాడు మధ్యాహ్నానికి బయటికొచ్చి అన్నం తిన్నాడు.

కానీ మాకంటే ముందే వాణ్ణి కనిపెట్టిన మహానుభావుడు ఒకాయన ఉన్నాడు. మా వాట్సాప్ గ్రూపు అన్నగారు. మేం తలకిందులైనా దొరకనివాణ్ణి ఆయన పొద్దున ఆరింటికి ఫిల్టర్ కాఫీ తాగుతూ పట్టేశాడు, ఎందుకంటే ఆయన పేరు పెట్టి వెతకడు, రాత్రి బుకింగ్ లిస్టు మొత్తం పైనుంచి కిందిదాకా చదువుతాడు, మనవాళ్ల పేరు తగలగానే స్క్రీన్‌షాట్. ఫోటోతో సహా. కింద "ఈ కాలం పిల్లలు 🙏" అని. సంక్రాంతి ముగ్గుల పోటీ నోటీసుకీ, ఎవరో అమ్ముతున్న సోఫాకీ మధ్యలో మావోడి మొహం, నిద్రలేక వాచిన కళ్లతో. ఈయనకి షెరిఫ్ గారు ఐడీ కార్డు, నక్షత్రం ఇప్పిస్తే బావుంటుంది. ఉట్టి చేతులతో ఎంతకాలం చేస్తాడు సేవ?

అసలు ఈ లిస్టులు ఎందుకు బయటపెడతారో అన్నగారికి తెలుసా? సర్కారు ఎవర్నైనా చీకట్లో పట్టుకుపోయి దాచెయ్యకుండా. అమ్మానాన్నలు వెతుక్కోడానికి. 1993లో కెంటకీలో మేరీ బైరన్ అనే అమ్మాయి, జైల్లోనే ఉన్నాడనుకున్న మాజీ ప్రియుడు బెయిల్ మీద వదిలారని ఎవరూ చెప్పక, సరిగ్గా ఇరవయ్యొకటో పుట్టినరోజున వాడి చేతిలోనే చచ్చిపోయింది. ఆ తర్వాతే ఖైదీ విడుదలైతే బాధితులకి ఫోన్ చేసి చెప్పే వైన్ అనే పద్ధతి పుట్టింది. మన దగ్గరా అరెస్టు చేస్తే ఇంట్లోవాళ్లకి చెప్పి తీరాలని సుప్రీంకోర్టు 1996లోనే డీకే బసు కేసులో అంది, ఇప్పుడు సీఆర్పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ 37వ సెక్షన్ ప్రకారం స్టేషన్లో అరెస్టైనవాళ్ల పేర్లు కనపడేలా పెట్టాలి కూడా. అంతా మనిషి ఆచూకీ కోసం. సోఫా పక్కన వేసుకోడానికి కాదు.

దీన్నే సొమ్ము చేసుకున్నవాళ్లున్నారు. జైలు ఫోటోలు ఎత్తుకొచ్చి పెట్టి, తీయాలంటే ఇంత కట్టు అనడం. మగ్‌షాట్స్ డాట్ కామ్ వాళ్ల మీద 2018లో కాలిఫోర్నియా సర్కారు బలవంతపు వసూళ్ల కేసు పెట్టింది, మూడేళ్లలో దేశం మొత్తం మీద సుమారు 5,703 మంది దగ్గర 20 లక్షల డాలర్ల పైన గుంజారని అభియోగం. ఆ కట్టినవాళ్లలో కేసు కొట్టేసినవాళ్లూ ఉన్నారు. ఎందుకంటే అరెస్టు అయిన రోజు ఫోటో ఎక్కుతుంది, కేసు కొట్టేసిన రోజు ఏ ఫోటో ఎక్కదు.

అందరికీ ఒకేలా ఉంటే అదో తృప్తి. 2023 ఆగస్టు 24న ఒక మాజీ అధ్యక్షుడు అట్లాంటాలో ఫుల్టన్ కౌంటీ జైలుకెళ్లి, ఫోటో దిగి ఓ 20 నిమిషాల్లో బయటికొచ్చాడు, ఆ ఫోటోని ఆయన మనుషులు చొక్కాల మీద, కప్పుల మీద వేసి అమ్ముకున్నారు. ఆయన మళ్లీ గెలిచి వచ్చాక, 2025లో, అదే దేశం 13 లక్షల మంది విదేశీ విద్యార్థుల పేర్లు పోలీసు డేటాబేస్‌లో వేసి జల్లెడ పట్టింది. తగిలినవి సుమారు 6,400 పేర్లు. శిక్ష పడిందా, కేసు కొట్టేశారా, అసలు కేసు పెట్టారా, ఎవడు చూశాడు? వేలమందికి సెవిస్ రికార్డు, అంటే విదేశీ విద్యార్థిగా ఇక్కడ ఉన్నట్టు సర్కారు దగ్గరుండే లెక్క, రద్దు. అప్పుడు ఇమిగ్రేషన్ లాయర్ల సంఘం పోగేసిన 327 కేసుల్లో సగం మన దేశం పిల్లలే. కోర్టులు మొట్టికాయలు వేస్తే ఏప్రిల్ 25న ఆ రికార్డులు మళ్లీ తెరుస్తామన్నారు. ఈ మధ్యలో భయపడి బ్యాగులు సర్దుకుని విమానం ఎక్కేసిన పిల్లలకి ఎవరు సమాధానం చెప్తారు? పొలం తాకట్టు పెట్టి పంపిన వాళ్ల నాన్నలకి? ఎవడో టికెట్ కట్టడం మర్చిపోయిన గొడవకి ఒక మనిషి బతుకు ఊడబెరకడం నీకు పాలన, దాన్ని స్క్రీన్‌షాట్ తీసి చేతులు జోడించే బొమ్మ పెట్టడం నీకు కాలక్షేపం, సిగ్గుండాలి ఇద్దరికీ. వాడి అమ్మ కూడా అదే గ్రూపులో ఉంది అన్నగారూ, చూసుకున్నారా?

చూసుకోలేదట. పోస్టు తీసేశాడు, "అడ్మిన్ ఏమనుకోవద్దు" అని. అప్పటికే ఇంకో మూడు గ్రూపులకి పోయింది.

నిన్న నా కార్డు మీద ముప్పై డాలర్లు పడ్డాయి, వెంటే మెయిల్. మీరు వెతికిన వ్యక్తి గురించి కొత్త సమాచారం దొరికింది, ఆవిడ మీ ఇంటికి దగ్గర్లోనే ఉంటూ ఉండొచ్చు, జాగ్రత్త అని. మా ఆవిడకి చూపించా. చదివి, "అయితే వచ్చే నెల తద్దినానికి బ్రాహ్మణుణ్ణి వెతుక్కోనక్కర్లేదు, ఆవిణ్ణే భోజనానికి పిలిచేద్దాం" అంది.