1453లో సిల్క్ రూట్‌కి తాళం వేశారంట!

గ్రూప్స్‌కి చదివేవాళ్ల వాట్సాప్‌లో తిరిగి తిరిగి వచ్చే ఫార్వర్డ్ ఒకటుంది: "చైనా నుంచి రోమ్ దాకా సిల్క్ రూట్ అని ఒకే రోడ్డు ఉండేది, చైనా వర్తకులు పట్టు తీసుకెళ్లి రోమ్‌లో అమ్మేవాళ్లు, 1453లో తురుష్కులు కాన్‌స్టాంటినోపుల్ పట్టుకుని ఆ దారి మూసేశారు, అందుకే వాస్కోడగామా ఇండియాకి వచ్చాడు." మూడు ముక్కలూ తప్పే.

ఒకే రోడ్డు అన్నది మొదటి ముక్క. చైనా పడమట తక్లమకాన్ ఎడారి దగ్గరే దారి రెండుగా చీలి ఉత్తరం అంచున ఒకటి, దక్షిణం అంచున ఒకటి పోయేవి. ఆ పేరు కూడా పాతది కాదు, 1877లో రిష్తోఫెన్ అనే జర్మన్ భూగోళవేత్త ప్రచారంలోకి తెచ్చాడు.

ఇక రోమ్ వెళ్లిన చైనా వర్తకులు. వెళ్లింది పట్టు, అదీ చేతులు మారుతూ. క్రీ.శ. 97లో గాన్ యింగ్ అనే చైనా దూత నిజంగానే రోమ్‌కి బయల్దేరాడు. పార్థియా (అప్పటి ఇరాన్ రాజ్యం) పడమటి అంచున సముద్రం దాకా వచ్చాక, గాలి కుదిరితే మూడు నెలలు, లేదంటే రెండేళ్లు పడుతుంది, అందుకే మూడేళ్ల తిండి వెంట ఉంచుకోవాలి అని అక్కడి నావికులు చెప్పేసరికి వెనక్కి తిరిగాడు. (మధ్యలో లాభం తినేది పార్థియన్లే, బెదిరించారేమో అని నా అనుమానం.) మధ్య ఆసియాలో ఆ బేరం ఎక్కువగా సమర్‌కంద్ వైపు సోగ్దియన్లది. చైనా పడమటి అంచున ఉన్న దున్‌హువాంగ్ దగ్గర 1907లో వాళ్ల ఉత్తరాలు దొరికాయి. అందులో ఒకటి, మొగుడు అక్కడ వదిలేసి పోయిన మీవ్నాయ్ అనే ఆవిడ రాసింది: నీకన్నా కుక్కకో పందికో పెళ్లాంగా ఉండటం నయం అని!

అసలు తంటా 1453తోనే. ఊరు పట్టుకున్నవాడు సుంకం వసూలు చేసుకుంటాడు గానీ సంత ఎందుకు మూస్తాడండీ? మరుసటి ఏడాది, 1454లోనే సుల్తాను వెనిస్‌తో ఒప్పందం చేసుకుని వాళ్ల వ్యాపారం సాగనిచ్చాడు. 1463 నుంచి పదహారేళ్లు ఇద్దరికీ యుద్ధం జరిగింది, నిజమే, కానీ తురుష్కుల ఊరు బుర్సాలో ఇటలీ వర్తకులు ఇరాన్ పట్టు కొంటూనే ఉన్నారు. పైగా పోర్చుగీసువాళ్లు ఉత్తర ఆఫ్రికా రేవు సియూటాని పట్టుకుంది 1415లో, ఆఫ్రికా తీరం వెంట బోజదోర్ అగ్రం దాటింది 1434లో, అంటే కాన్‌స్టాంటినోపుల్ పడకముందే.

ఇంకో సంగతి, గామాకి కావాల్సింది మిరియాలు. అవి మలబారు నుంచి ఓడల్లో ఎర్ర సముద్రం మీదుగా ఈజిప్టుకి, అక్కడ అలెగ్జాండ్రియా నుంచి వెనిస్‌కి పోయేవి, ఒంటెల మీద తక్లమకాన్ దాటి కాదు. మధ్యలో ఈజిప్టుని ఏలే మామ్లూకులు, వెనిస్ వాళ్లు తినే వాటా తప్పించుకోవాలనే పోర్చుగల్ ఆరాటం. ఆయన కాలికట్ చేరిన 1498లో అలెగ్జాండ్రియా ఇంకా మామ్లూకుల చేతిలోనే ఉంది, తురుష్కులు ఈజిప్టుని గెలిచింది 1517లో. తాళం చెవి వాళ్ల దగ్గర ఉంటే కదా వేయడానికి!